అమ్మ గొంతు దాచిన టూ ఇన్ వన్

మదనపల్లెకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలో, మన సంఘానికి చెందిన ఒక ఇంట్లో కిందటి వేసవిలో రాత్రి ప్రార్థనకు కూడుకున్నాము. ప్రార్థన ముగిసి అందరం మజ్జిగ తాగుతూ ఉండగా ఆ ఇంటి అక్క బీరువా మీద నుంచి ఒక వస్తువును దించి మా ముందు పెట్టింది. ఎర్ర దారంతో సిలువ, దాని కింద రెండు గులాబీలు కుట్టిన తెల్లగుడ్డ ఒకటి దాని మీద కప్పి ఉంది. గుడ్డ తీసి చూస్తే నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్. ఒక పక్క స్పీకరు, మరో పక్క క్యాసెట్టు పెట్టే తలుపు, పైన రేడియో ముల్లు తిరిగే అద్దం, వెనుక మడిచిపెట్టిన ఏరియల్. ఏరియల్ చివర ముక్క విరిగిపోయి ఉంది.

"మీకు బెంగుళూరులో గాని, చెన్నైలో గాని తెలిసినోళ్ళు ఎవరైనా ఉంటే దీన్ని పలికించి ఇయ్యండి. దీంట్లో మా అమ్మ ఉంది" అనింది ఆ అక్క.

ప్రియ పాఠకులారా, ఆ మాట విన్న తరువాత మేము ఆ పెట్టెను మామూలు పాత సామానుగా చూడలేకపోయాము. అందుచేత దాన్ని గురించి, దానివంటి మరికొన్నిటిని గురించి ఈ నెల నాలుగు మాటలు రాయాలనుకున్నాము.

ఆ తల్లి 1985లో కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళింది. కడప, చిత్తూరు జిల్లాల నుంచి అలా వెళ్ళిన తల్లులు ఎందరో మన పాఠకులకు తెలుసు. భర్త కూలి చేసేవాడు. ఇంట్లో ఒక కూతురు, ఒక కొడుకు, ముసలి జేజి. తల్లికి చదువు రాదు. మొదటి రెండు సంవత్సరాలు ఆమె అక్కడ పనిచేస్తున్న మరో తెలుగు ఆమె చేత ఉత్తరాలు రాయించేది. ఇక్కడ ఆ ఉత్తరాన్ని పక్కింటి చదువుకున్న పిల్లవాడు చదివి వినిపించేవాడు. రాసేవారు ఒకరు, చదివేవారు ఒకరు నడుమ ఉంటే మనసులో మాట ఎలా వస్తుంది? "అందరమూ క్షేమము, మీరూ క్షేమమని తలుస్తాను" అనే దగ్గరే ఉత్తరం ఆగిపోయేది. అప్పు సంగతి, కడుపులో దుఃఖం, భర్తతో చెప్పుకోవలసిన మాట ఇవేవీ ఉత్తరంలో ఎక్కేవి కావు.

1987లో సెలవు మీద వచ్చినప్పుడు ఆమె ఈ టూ ఇన్ వన్ తెచ్చింది. తిరిగి వెళ్ళిన తరువాత మూడేళ్ళలో నాలుగు క్యాసెట్లు పంపింది. ఆమె వాటిని పోస్టులో వేయలేదు. ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేది. రాత్రి పని ముగిశాక, ఆ ఇంటి వంటగదిలో కూర్చొని, యజమాని పిల్లల టేప్ రికార్డరులో మెల్లగా మాట్లాడి నింపిన క్యాసెట్లు అవి. ఆ వారం ఇంట్లో అందరూ దీపం తగ్గించి ఆ పెట్టె చుట్టూ కూర్చునేవారట. జేజి మాత్రం క్యాసెట్టుకే జవాబులు చెబుతూ ఉండేదట.

చదువురాని తల్లికి తన ఉత్తరం తానే రాసుకొనే స్వాతంత్ర్యం ఆ పెట్టె ఇచ్చింది. వందలాది సంవత్సరాలు ఇంట్లో చదువుకున్నవారికే ఉండిన స్వాతంత్ర్యం అది.

ఈ యంత్రం పుట్టుక కొంచెం చెప్పుకుందాము. చిన్న క్యాసెట్టును హాలెండు దేశపు ఫిలిప్స్ కంపెనీ 1963 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మొదటిసారి లోకానికి చూపించింది. దాన్ని తయారుచేసిన బృందానికి లూ ఆటెన్స్ అనే ఇంజనీరు నాయకుడు. ఆయన 2021లో చనిపోయారు. అంతకు ముందు టేప్ రికార్డరు అంటే పళ్ళెమంత చుట్టలు, బల్లంత యంత్రం. దాన్ని నడపడానికి తెలిసినవాడు కావాలి. క్యాసెట్టులో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. సెకనుకు ఐదు సెంటీమీటర్ల కంటే కొంచెం తక్కువ వేగంతో అది తిరుగుతుంది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపుకు ముప్పై నిమిషాలు. చిన్నపిల్ల కూడా పెట్టి తీయగలదు. కొన్నేళ్ళకే రేడియోనూ టేపునూ ఒకే పెట్టెలో పెట్టిన యంత్రాలు వచ్చాయి. మన దేశంలో దాన్ని టూ ఇన్ వన్ అన్నారు. పల్లెల్లో మాత్రం చాలామందికి అది "టేప్ రికాడ్రే".

మన దగ్గర ఇది విరివిగా వచ్చింది 1980లలో. గల్ఫ్ నుంచి వచ్చేవారి చేతిలో పానసోనిక్, షార్ప్, సాన్యో పెట్టెలు కనిపించేవి. ఆ స్తోమత లేనివారు ఫిలిప్స్, బీపీఎల్ వంటి ఇక్కడి పెట్టెలను కొనేవారు. 1980ల నడిమి వరకు రేడియోకు లైసెన్సు కూడా ఉండేది. పోస్టాఫీసులో డబ్బు కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి వచ్చేది. ఆ పుస్తకం ఇంకా దాచుకున్న పెద్దలను మేము చూశాము.

మదనపల్లె బజారులో ఇలాంటి పెట్టెలు బాగుచేసే ఒక భాయ్ దగ్గరకు అక్క పెట్టెను తీసుకుపోయాము. ఆయన అంగట్లో పైఅరలో వరుసగా పదిహేను టూ ఇన్ వన్లు దుమ్ము పట్టి ఉన్నాయి. బాగుచేయమని ఇచ్చి, మరల తీసుకుపోవడానికి రానివారివట అవన్నీ. అక్క పెట్టె వెనుక తలుపు ఊడదీసి, ఒక్క చూపులోనే "బెల్టు పోయింది" అన్నాడు. మోటారు నుంచి చక్రానికి తిరిగే సన్నని రబ్బరు బెల్టు ముప్పై ఏళ్ళలో కరిగి తారులాగ అంటుకొని ఉంది. టేపును అదిమిపట్టి లాగే రబ్బరు చక్రం కూడా గట్టిపడిపోయింది. బెంగుళూరు ఎస్పీ రోడ్డు నుంచి సామాను తెప్పించాలి, రెండు వారాలు పడుతుందన్నాడు.

ఆ రెండు వారాల్లో మేము పుంగనూరు, కుప్పం సంఘాలను చూడడానికి వెళ్ళవలసి ఉండింది. వెళ్ళిన ప్రతి చోటా "మీ ఇంట్లో పాత టేప్ రికార్డరు ఉందా?" అని అడుగుతూ పోయాము. లేదని చెప్పిన ఇల్లు తక్కువ. పలుకుతుందని చెప్పిన ఇల్లు ఇంకా తక్కువ.

పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో ఎనభై దాటిన జేజి ఒకామె ఉంది. అక్షరం రాదు. అయితే లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని ఒక్క మాట తప్పకుండా చెబుతుంది. ఎట్లా నేర్చుకున్నావు జేజీ అని అడిగితే, "రేడియాలో" అనింది. మా ఆశ్చర్యం చూసి కథంతా చెప్పింది.

ఆమె కొడుకు 1980లలో రాత్రిపూట కడప కేంద్రం పెట్టడానికి ముల్లు తిప్పుతూ ఉంటే పక్కనే ఇంకో గొంతు వినబడేదట. అది నిజమే. 1963లో మొదలైన కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ దగ్గర పలికేది. సిలోనులోని పుత్తళం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో వారు సువార్త ప్రసారాలు చేసిన చోటు 882. ముల్లు వెంట్రుకవాసి జరిగితే చాలు, వ్యవసాయదారుల కార్యక్రమం నుంచి వాక్యానికి వచ్చేస్తారు. అంత దూరం నుంచి ఎట్లా వినబడుతుందని పిల్లలు అడుగుతారు కనుక చెబుతున్నాము. పగలు సూర్యుని కిరణాలకు ఆకాశంలో బాగా కింద ఒక పొర ఏర్పడి మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి వందల మైళ్ళ అవతల నేలకు దిగుతాయి. అందుకే సాయంకాలమైతే సిలోను మన పెరట్లోకి వచ్చేది. పెట్టెలోపల ఉన్న నల్లని ఫెర్రైట్ కడ్డీయే మీడియం వేవ్‌కు ఏరియల్. అందుచేత పెట్టెనే అటూ ఇటూ తిప్పితే గొంతు పెరిగేది, తగ్గేది. ఆ జేజి ఇంట్లో పెట్టెను కిటికీలో ఏ మూలకు పెట్టాలో గోడమీద సుద్దతో గీత గీసి ఉండేదట.

ఇంకా దూరం నుంచి వచ్చేవి షార్ట్ వేవ్ ప్రసారాలు. హిందూ మహాసముద్రం నడుమ సీషెల్స్ దీవుల్లో, పగడపు దిబ్బల మీద సముద్రపు నీళ్ళలో ఏరియల్ స్తంభాలు నాటి, 1970 నుంచి ఫీబా రేడియో వారు మన దేశపు భాషల్లో సువార్త ప్రకటించారు. వాటిలో తెలుగు ఒకటి. ఆ షార్ట్ వేవ్ కేంద్రం 2003లో ఆగిపోయింది. వేపచెట్టుకు తీగ కట్టి సీషెల్స్ విన్నవారు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు.

జేజి సంగతికి వద్దాము. రేడియోలో ఒకసారి విన్నది ఒకసారే. అయితే టూ ఇన్ వన్‌లో రేడియో పలుకుతూ ఉండగానే ఎర్ర మీట నొక్కితే అది క్యాసెట్టులోకి ఎక్కుతుంది. కొడుకు ఆ ఉపమానాన్ని అలా ఎక్కించి ఇచ్చాడు. కసువు ఊడుస్తూ, రాగులు విసురుతూ ఆమె దాన్ని ఎన్ని వందలసార్లు విన్నదో. వినుట వలననే విశ్వాసం కలుగుతుందని పౌలు రోమీయులకు రాసిన పత్రిక పదవ అధ్యాయంలో చెప్పిన సంగతి మనకు తెలుసు. ఆ మాట రాసినప్పుడు చదవగలిగినవారు లోకంలో ఎంత కొద్దిమందో మనం మరచిపోతాము.

ఈ ప్రాంతపు సంఘాలకు వినడం కొత్తేమీ కాదు. 1863లో ఆర్కాటు మిషను తరపున మదనపల్లెకు వచ్చిన జేకబ్ చాంబర్లేన్ దొరగారు గుర్రం మీద ఊరూరూ తిరిగి బజారు వీధుల్లో తెలుగులో సువార్త చదివి వినిపించేవారు. ఆయన 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. తరువాత ఉపదేశులు వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత కూడా ఒక అయ్యగారికి పది పదిహేను పల్లెలు ఉండడం మామూలే. నెలకొకసారి అయ్యగారు వచ్చేవారు. మిగిలిన ఆదివారాలు? పుంగనూరు వైపు పెద్ద ఒకాయన చెప్పారు: అయ్యగారు టీవీఎస్ యాభై మీద వచ్చి ప్రసంగం చేసిపోతే, ఈయన దాన్ని క్యాసెట్టులో పట్టి, వచ్చే ఆదివారం పక్క పల్లె గుడిలో బల్ల మీద పెట్టి వినిపించేవాడట. నాలుగు పెద్ద సెల్లులు వేస్తే పెట్టె పలికేది. సెల్లులు దిగిపోయే కొద్దీ టేపు మెల్లగా తిరిగి, అయ్యగారి గొంతు ఎద్దు రంకెలాగ మారిపోయేది. పిల్లలు నవ్వేవారు. మరుసటి రోజు ఆ సెల్లులను ఎండలో పెట్టి ఇంకో అరగంట పిండుకొనేవారు.

అన్నీ మేలే జరిగాయని రాస్తే మేము నిజం చెప్పినవారము కాము. విశ్వాసుల ఇంట్లో టేప్ రికార్డరు ఉండవచ్చునా అని సంఘ పెద్దలు తగవులాడుకున్న రోజులు ఉన్నాయి. దేవుని పాట పాడిన పెట్టెలోనే సినిమా పాట వస్తుందని వారి బాధ. పండుగ రోజుల్లో మైకు ముందర టూ ఇన్ వన్ పెట్టి ఊరంతా దద్దరిల్లేలా పాటలు పెట్టి ఇరుగుపొరుగు వారితో మాటపడిన సంగతీ మనకు తెలుసు. పట్నాల్లో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇస్తే మరునాటికి నింపి ఇచ్చేవారు. పాడినవారికి పైసా పోయేది కాదు. క్రైస్తవ పాటలను కూడా మనం అలాగే నింపించుకున్నాము. మేమూ నింపించుకున్నాము.

మాకు వీటన్నిటికంటే ఎక్కువ దుఃఖం కలిగించినది వేరే ఉంది. ఆ జేజి మాకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒకటి పాడి వినిపించింది. సాహిత్యం మనకు తెలిసినదే. వరస మేము ఎన్నడూ విననిది. "ఇది మా మామగారి వరస. పెద్ద కంజరతో పాడేవాళ్ళు. క్యాసెట్టు పాటలు వచ్చినాక పిల్లోళ్ళు దాన్ని తప్పని చెప్పి మాన్పించినారు" అనింది. చెన్నైలోనో హైదరాబాదులోనో ఒకరు స్టూడియోలో పాడిన వరస క్యాసెట్టులో వచ్చి, ప్రతి పల్లె సొంత వరసను తప్పు చేసేసింది. ఆ పెట్టెకు ఎర్ర మీట కూడా ఉంది కదా, మామగారి వరసను ఎవరైనా పట్టి ఉంచారా అని అడిగాము. పట్టలేదు. కొన్న క్యాసెట్టుకు ఉన్న విలువ మన గొంతుకు ఉందని అప్పుడు మనకు తోచలేదు.

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మాట మారిపోతుంది. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం. కుప్పం బెంగుళూరు, జోలార్‌పేట నడుమ రైలుదారిలో ఉంది. 2001లో గనులు మూతపడే వరకు కోలారు బంగారు గనుల్లో పనిచేసిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. ఇక్కడి రేడియో ముల్లుకు విశ్రాంతి ఉండేది కాదు. ఒక ఇంట్లో బెంగుళూరు కన్నడం, ఇంకో ఇంట్లో మద్రాసు తమిళం, రాత్రయితే కడప.

బెంగుళూరు దగ్గర కావడం చేత ఇక్కడికి మరో రకం యంత్రాలు కూడా వచ్చాయి. 1939లో అమెరికాలో జాయ్ రిడర్‌హాఫ్ అనే మిషనెరీ ప్రారంభించిన గాస్పెల్ రికార్డింగ్స్ అనే సేవకు మన దేశంలో బెంగుళూరు కేంద్రం. లిపి లేని భాషల్లో కూడా ఆ భాష మాట్లాడేవారి గొంతుతోనే సువార్తను పట్టి ఊరూరికి పంపడం వారి పని. వారు అట్టతో మడిచే గ్రామఫోను ఒకటి తయారుచేశారు. రికార్డును వేలితోనో పెన్సిలుతోనో తిప్పితే చాలు, పలుకుతుంది. తరువాత చేతితో పిడి తిప్పే క్యాసెట్టు యంత్రం చేశారు. కరెంటు అక్కరలేదు, సెల్లులు అక్కరలేదు. కుప్పంలో మేము కలుసుకున్న ఒక విశ్రాంత ఉపదేశి తాను చిన్ననాట ఆ అట్ట యంత్రాన్ని తిప్పానని, వేగంగా తిప్పితే బోధకుడు చిలుకలాగ పలికేవాడని నవ్వుతూ చెప్పారు.

ఆయన ఇంట్లో అటక మీద సబ్బుల అట్టపెట్టె ఒకటి ఉంది. అందులో అరవైకి పైగా క్యాసెట్లు. కొన్నవి నాలుగో అయిదో. మిగిలినవన్నీ ఆయనే పట్టినవి. ముసలివారి సాక్ష్యాలు, పెళ్ళిళ్ళు, సమాధి కూడికలు, స్త్రీల మైత్రి పండుగలు. ఒకదాని మీద "గని తాత సాక్ష్యం" అని రాసి ఉంది. సగం తమిళం, సగం తెలుగు కలిసిన కుప్పం మాటలో, గనిలో బండ కూలినప్పుడు తాను బ్రతికి బయటపడిన సంగతి ఒక తాత చెప్పుకున్నాడట. ఆ మాటతీరు ఇప్పుడు పిల్లల నోట రాదు. ద్రావిడ భాషలను చదవడానికి 1997లో విశ్వవిద్యాలయం వెలసిన ఊరు ఇది. మేము ఆ అట్టపెట్టెను చూసి, ఇదీ ఒక గ్రంథాలయమే కదా అనుకున్నాము.

పెట్టె అడుగున ఉన్న క్యాసెట్లు వానకు తడిసి ఉన్నాయి. కిటికీ వెలుగుకు పట్టి చూస్తే టేపు చుట్ట అంచు మీద తెల్లని బూజు. ఉపదేశి గారు ఒకదాన్ని తీసి తన పెట్టెలో పెట్టబోగా మేము చేయి పట్టుకొని ఆపాము. మదనపల్లె భాయ్ మమ్ములను అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. ఆయన చెప్పినవి మన పాఠకులకు పనికివస్తాయి గనుక ఇక్కడ రాస్తున్నాము.

బూజు పట్టిన క్యాసెట్టును పెట్టెలో వేస్తే ఆ బూజు యంత్రం తలకు అంటి, తరువాత వేసిన మంచి క్యాసెట్టుకు కూడా పాకుతుంది. దాన్ని వేరే సంచిలో ఉంచి తెలిసినవారి చేత శుభ్రం చేయించాలి. ఏళ్ళ తరబడి కదలని క్యాసెట్టును ముందు పెన్సిలుతో రెండు మూడు చుట్లు తిప్పి చూడాలి. బిగుసుకొని ఉంటే బలవంతం చేయరాదు, తెగిపోతుంది. తెగినా భయం లేదు, సన్నని ప్రత్యేకమైన టేపుతో అతికించవచ్చు, ఒక మాట మాత్రమే పోతుంది. మేలైన క్యాసెట్టు వేయడానికి ముందు పనికిరాని పాట క్యాసెట్టు ఒకటి వేసి, ఆ యంత్రం టేపును నమలడం లేదని చూసుకోవాలి. యంత్రం తలను దూదికి స్పిరిట్టు అద్ది తుడవాలి. గొంతు మందంగా వినిపిస్తే తల వంకర పోయి ఉంటుంది, పక్కనున్న చిన్న మరను కొద్దిగా తిప్పితే తేటపడుతుంది. ఆ తరువాత హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగతో కంప్యూటరుకు గాని ఫోనుకు గాని కలిపి ఎక్కించుకోవాలి. స్పీకరు ముందు ఫోను పెట్టి పట్టినా, ఏమీ లేనిదానికంటే మేలే. అరవై నిమిషాల క్యాసెట్టుకు అరవై నిమిషాలు కూర్చోవలసిందే, దగ్గర దారి లేదు.

అన్నిటికంటే ముందు చేయవలసినది ఇంకొకటి ఉంది. క్యాసెట్టు వెనుక అంచులో, రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఆ క్యాసెట్టు మీద మరల రికార్డు చేయడానికి ఎర్ర మీట దిగదు. ఒక్క రెక్క ఒక్క వైపును కాపాడుతుంది. ఎర్ర మీట నొక్కినప్పుడు టేపు మొదట చెరిపే తల ముందు నుంచి, తరువాత రాసే తల ముందు నుంచి పోతుంది. పాతది పోయాకనే కొత్తది ఎక్కుతుంది. చెరిగినది మరల రాదు.

మదనపల్లె దగ్గరి ఆ ఇంట్లో జరిగినది కూడా అదే. 1990 మొదట్లో వచ్చిన నాలుగో క్యాసెట్టు రెండో వైపు మీద, పదకొండేళ్ళ తమ్ముడు రేడియోలో వస్తున్న సినిమా పాటలను ఎక్కించాడు. ఖాళీ క్యాసెట్టు అనుకున్నాడు. ఆరు నెలలు ఎవరికీ తెలియలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. ఇల్లంతా ఆ పెట్టె ముందే కూర్చుంది. వార్తల వేళకు రేడియో, వార్తలు ముగియగానే అమ్మ క్యాసెట్టు. అలా ఒక రాత్రి నాలుగోదాన్ని రెండో వైపు తిప్పి వేశారు. అమ్మ గొంతుకు బదులు సినిమా పాట వచ్చింది. జేజి ఆ పిల్లవాణ్ణి కొట్టి, క్యాసెట్టు తీసి ట్రంకు పెట్టె అడుగున వేసింది. మరల ఎవరూ దాన్ని తీయలేదు.

దేవుని కృపను బట్టి తల్లి తిరిగి వచ్చింది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు లక్షకు పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో చేర్చినప్పుడు, ఎడారిలో బస్సు మీద వచ్చి ఆమె కూడా వారిలో ఎక్కింది. మరల కువైట్‌కు పోలేదు. మనిషే ఇంట్లో ఉన్నప్పుడు క్యాసెట్లు ఎవరికి కావాలి? పెట్టె బీరువా మీదికి చేరింది. 2021లో ఆమె ప్రభువునందు నిద్రించింది.

బెల్టు వచ్చిందని భాయ్ కబురు చేసినప్పుడు అక్కా తమ్ముడూ ఇద్దరూ అంగడికి వచ్చారు. తమ్ముడికి ఇప్పుడు నలభై ఆరు దాటింది, టమాటా మార్కెట్టులో లెక్కలు రాస్తాడు. పనికిరాని క్యాసెట్టు ఒకటి వేసి చూసి, భాయ్ మొదటి మూడింటినీ ఒకటొకటిగా వేసి కంప్యూటరులోకి ఎక్కించాడు. అక్క ఏడుస్తూ, మధ్యమధ్య నవ్వుతూ వింది. తమ్ముడు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నాలుగోదానికి వచ్చేసరికి "ఆ రెండో పక్క వద్దులే భాయ్" అన్నాడు. భాయ్ వినలేదు. మొదటి నుంచి చివరి దాకా ఎక్కించడం తన పద్ధతి అన్నాడు.

పాటలు వచ్చాయి. ఒకటి, రెండు, అయిదు. ఇరవై రెండో నిమిషంలో టక్కుమని ఒక శబ్దం. ఆ సాయంకాలం ఊర్లో కరెంటు పోయి ఉంటుంది. ఆ వెంటనే నడుమలో నుంచి అమ్మ గొంతు.

"...పెయ్యను అమ్మొద్దని మీ నాయనకు చెప్పు. వానల్లోపల బోద కప్పించండి. చిన్నోడి చెవికి నూనె పొయ్యొద్దు, మిషన్ ఆసుపత్రికి పిలచకపో. విన్నావా పాపా? ఇది తిరగతా ఉందా, ఆగిపోయిందా..."

తమ్ముడి చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెవి మీదికి పోయింది. మిగిలిన ఎనిమిది నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు. చివర ఆమె ప్రార్థన చేసింది. ఇంట్లోవాళ్ళ పేర్లు, బర్రెగొడ్డు, అప్పు ఇచ్చినవాళ్ళ పేర్లు, తాను పనిచేస్తున్న ఇంటి అరబ్బు పిల్లల పేర్లు చెప్పి ప్రార్థించింది.

భాయ్ కంప్యూటరు మీద ఆ వైపు మొత్తాన్ని గీతగా చూపిస్తూ, "ముందున్న పాటలు కోసి తీసేయమంటారా? అమ్మ మాటలు మాత్రం ఉంచుతాను" అని అడిగాడు. తమ్ముడు తలదించుకున్నాడు. అక్క పదేళ్ళుగా సండే స్కూలు టీచరమ్మ, ఇంట్లో సినిమా పాట పెట్టనివ్వదు. ఆమె కళ్ళు తుడుచుకొని చెప్పింది.

"ఉండనీ భాయ్. అవి మావాడివి."